సిగరెట్టు రేకు

వించిపేట కరీముల్లా కాటాలో
కిలోంబావు తూగింది.
ఇనుము ధరే కట్టాడు.
అద్దాల బరువు తీసెయ్యమంటే నవ్వి,
"గాజుకేం వద్దులే అమ్మా, ఎర్రది పగిలిందిగా" అన్నాడు.

రైలు గార్డు చేతిదీపం.
నెత్తిమీద పిడి తిప్పితే
తెలుపు ఎరుపై, ఎరుపు ఆకుపచ్చవ్వాలి.
పిడి తిరగలేదు.

సింగునగర్లో నేను మోటార్లకి వైండింగు చేస్తాను.
రాగితీగ చుట్లు లెక్కపెట్టడమే బతుకు.
ఈ దీపాలు మాత్రం ఏ లెక్కలోకీ రావు.
అయినా దీనితో పందొమ్మిది.
"ఇవి బాగుచేస్తే ఎవరు కొంటారక్కా?" అంటాడు సైదులు.
ఎవరూ కొనరు.
"మరి?"
ఆ స్క్రూడ్రైవరు ఇటివ్వరా.

మూత ఊడదీస్తే
ఎన్నేళ్లనాటి బ్యాటరీలో కారి, ఉప్పు పొంగి,
చవిటినేలలా ఉంది లోపల.
నిమ్మచెక్కతో రుద్దాను. బుసబుసా నురగ.
అరిగిన పళ్లబ్రష్షు, గరుకు కాగితం,
పిడి మొదట్లో రెండు చుక్కల కొబ్బరినూనె.
ఎర్రద్దం చోట
ఆటోనగర్లో దొరికిన లారీ వెనకదీపం ముక్క,
కోసి, అరగదీసి, అతికించాను.

అడుగున స్ప్రింగు విరిగి ఉంది.
విరిగినచోట
ఎవరో మడిచి కుక్కిన సిగరెట్టు పెట్టెలోని వెండిరేకు.
నాలుగు మడతలు.
కరెంటు ఇన్నాళ్లూ దానిమీదుగానే దాటిందన్నమాట.

కొండపల్లి అవతల ఏ సిగ్నల్ దగ్గరో
కదలని గూడ్సు చివర, బ్రేకువ్యానులో
ఒక్కడే కూర్చుని,
ఆఖరి సిగరెట్టు తాగేసి
రేకు మాత్రం పారెయ్యలేదేమో.
డబ్బా కింద మేకుతో గీసుంది:
ఆరోగ్యం, బెజవాడ.
పేరే అయుంటుంది. మొక్కు కూడా కావచ్చు.

రేకు తీసెయ్యాలి. పద్ధతి అది.
రెండు రూపాయల కొత్త స్ప్రింగు నా అరచేతిలోనే ఉంది.
పట్టకారు దానిదాకా తీసుకెళ్లి
వెనక్కి తెచ్చాను.
టీ తాగొచ్చాను.
మూత బిగించేశాను.

ఆ ఏడే బుడమేరు మా వీధిలోకొచ్చింది.

కొట్టు మునుగుతుంటే చేతికందినవి మూడు.
రెండో రాత్రి డాబా మీద
పదకొండుమందిమి, ఒక పచ్చి బాలింత, ఒక మేక.
రెండు దీపాలు వెలగలేదు.
కొత్త తీగలు, కొత్త స్ప్రింగులు, నేను ముచ్చటపడి చేసినవే.
ఆరోగ్యం వెలిగాడు.

దూరంగా పడవ ఇంజను.
నా రకం మోటారు కాదు, అయినా దమ్మున్న చప్పుడు.
ఎరుపు తిప్పి గబగబా ఊపాను.
ఎరుపంటే ఆపద. ఆపదలో ఉన్నాం, రండి,
అని నా భాష.
పడవ ఆగింది.
ఆగి, మెల్లగా వెనక్కి మళ్లింది.

నా చేతిలోంచి లాక్కుని సైదులు పిడి తిప్పాడు.
నల్లటి నీళ్లమీద
పొడుగ్గా, వణుకుతూ, ఆకుపచ్చ.

"తీగలు తెగి పడ్డాయేమో అనుకున్నామమ్మా,
ఎర్రలైటు చూసి"
అన్నాడు పడవతను, ముందు మేకని అందుకుంటూ.

బురద కడిగి
మిగతా పదహారూ గోడమీద ఎండబెట్టాను.
మళ్లీ మొదటినుంచి, ఒక్కొక్కటీ.
ఎవరు కొంటారని సైదులు ఇప్పుడడగడు.
నిమ్మకాయలు కోస్తాడు.

ఆరోగ్యం మాత్రం నిన్న మినుకు మినుకుమన్నాడు.
విప్పి చూస్తే రేకు నల్లబడి చివికిపోయింది.
వీధి చివర బడ్డీకొట్టుకెళ్లి అడిగాను,
సిగరెట్లు వద్దు బాబూ, పెట్టెలో కాగితం చాలని.
ఎగాదిగా చూసి
ఖాళీపెట్టె చించి ఇచ్చాడు.

పొగాకు వాసన.
నాలుగు మడతలు పెట్టాను.